క్రేన్ పిలిచే ముందు: బరువు లెక్క, దూరం లెక్క, నేల లెక్క

మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఒక్కటే: "నా మిషన్ అయిదు టన్నులు. ఎన్ని టన్నుల క్రేన్ పిలవాలి?" బరువు ఒక్కటే చెబితే దీనికి ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. 50 టన్నుల క్రేన్ 50 టన్నులు ఎత్తేది బూమ్ (క్రేన్ చాచే పొడవాటి చేయి) పూర్తిగా లోపలికి ముడుచుకుని, బరువు దాదాపు ఒంటికి ఆనుకుని, సుమారు 3 మీటర్ల దూరంలో ఉన్నప్పుడే. అదే క్రేన్ బూమ్ చాచి 12 మీటర్ల అవతల పెట్టాల్సి వస్తే ఆ 50లో కొద్ది వంతే మిగులుతుంది. కాబట్టి క్రేన్ ఓనరుకు ఫోన్ చేసే ముందు మీ చేతిలో మూడు అంకెలు ఉండాలి. మొత్తం బరువు, క్రేన్ నడిబొడ్డు నుంచి బరువు దించే చోటుకు దూరం, బూమ్ కొస ఎంత ఎత్తుకు వెళ్లాలి. ఆ తర్వాత నేల సంగతి.

ఇక్కడ ఒక ఉదాహరణ పట్టుకుని లెక్క వేద్దాం. ఒక ఆస్పత్రి టెర్రస్ మీదికి 4,200 కిలోల చిల్లర్ (ఏసీ కోసం నీళ్లు చల్లబరిచే మిషన్) ఎక్కించాలి. టెర్రస్ ఎత్తు 15 మీటర్లు, దాని మీద 1.2 మీటర్ల పిట్టగోడ. డీజీ సెట్ (డీజిల్ జనరేటర్), ట్రాన్స్‌ఫార్మర్, ట్యాంకు, షెడ్డు ట్రస్సు, ఏదైనా పద్ధతి ఇదే.

దగ్గర ఉంచుకోవలసినవి

- ఎత్తే వస్తువు డ్రాయింగు, నేమ్ ప్లేటు ఫోటో
- మీరు పిలిచే క్రేన్ మోడల్‌కు చెందిన లోడ్ చార్టు, అంటే ఏ దూరంలో ఎంత ఎత్తవచ్చో చెప్పే పట్టిక (అదే తరగతిలోని వేరే మోడల్‌ది పనికిరాదు)
- క్రేన్ ఆర్‌సీ, ఇన్సూరెన్సు, ఏడాది దాటని లోడ్ టెస్ట్ సర్టిఫికెట్, ఆపరేటర్ లైసెన్సు
- బెల్టులు, వైర్ రోపులు, షాకిళ్ల (పిన్నుతో మూసే ఇనుప కొక్కేలు) టెస్ట్ సర్టిఫికెట్లు. వాటి నంబర్లు వస్తువు మీద ఉన్న నంబర్లతో కలవాలి
- 30 మీటర్ల టేపు, స్పిరిట్ లెవెల్, చేతిలో పట్టుకునే గాలి మీటరు, రెండు వాకీటాకీలు
- స్లీపర్లు, స్టీలు ప్లేట్లు, బ్యారికేడ్ టేపు, 20 మీటర్ల తాళ్లు రెండు

క్రేన్లను, గొలుసులను, తాళ్లను కాంపిటెంట్ పర్సన్ (ఆ పరీక్షకు అర్హత ఉన్న వ్యక్తి) చేత 12 నెలలకు ఒకసారైనా పూర్తిగా పరీక్ష చేయించాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 29 నాటి నుంచీ ఉన్న నియమం. "సర్టిఫికెట్ ఆఫీసులో ఉంది, రేపు పంపిస్తా" అన్న క్రేన్‌ను గేటు దాటనివ్వకండి.

1. బరువు తేల్చండి

నేమ్ ప్లేటు మీద రెండు బరువులుంటాయి. షిప్పింగ్ వెయిట్ నీళ్లు, నూనె లేని బరువు. ఆపరేటింగ్ వెయిట్ అవి నిండిన తర్వాతిది. కొత్త మిషన్‌కు మొదటిది, పాతది దించుతుంటే రెండోది తీసుకోండి. డ్రెయిన్ చేశామని ఎవరు చెప్పినా వాల్వు తెరిచి మీరే చూడండి. ట్యాంకు అడుగున ఒక్క ఘనపు మీటరు నీళ్లు మిగిలినా టన్ను అదనం.

ప్లేటు లేకపోతే మంచి దారి వే బ్రిడ్జి. లారీని నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి తూయించండి. అదీ కుదరకపోతే కొలిచి కట్టాలి. 20 మిల్లీమీటర్ల మందం ఇనుప ప్లేటు చదరపు మీటరుకు 157 కిలోలు. కాంక్రీటు ఘనపు మీటరుకు రెండున్నర టన్నులు.

ఇప్పుడు మన చిల్లర్ లెక్క:

- చిల్లర్: 4,200 కిలోలు
- అడుగున చెక్క స్కిడ్: 200
- తూయించలేదు కాబట్టి 10 శాతం అదనం: 440
- హుక్ బ్లాక్, అంటే కప్పీలతో కూడిన హుక్కు (బరువు దాని పక్కనే రాసి ఉంటుంది): 450
- స్ప్రెడర్ బీమ్ (బెల్టులను ఎడంగా పట్టే దూలం), బెల్టులు, షాకిళ్లు: 350
- బూమ్ పక్కన మడిచిపెట్టిన అదనపు చేయి, అంటే జిబ్‌కు చార్టులో చెప్పిన తగ్గింపు: 300

మొత్తం 5,940 కిలోలు. "నాలుగు టన్నుల మిషన్" కాస్తా ఆరు టన్నులైంది. హుక్ బ్లాకునూ స్ప్రెడర్‌నూ వదిలేయడం అందరూ చేసే తప్పు. క్రేన్‌కు మీ మిషన్ వేరు, తన హుక్ వేరు అని తెలియదు. బూమ్ కొస నుంచి వేలాడేదంతా బరువే.

చార్టులో కనిపించే అంకెలో 75 శాతానికి మించి వాడవద్దు. 5,940ని 0.75తో భాగిస్తే 7,920. అంటే మనకు కావలసిన దూరంలో, కావలసిన బూమ్ పొడవుతో చార్టు కనీసం 8 టన్నులు చూపించాలి. చార్టు అంకెలో క్రేన్ తిరగబడకుండా కంపెనీ ముందే కొంత వదిలిపెట్టి ఉంటుంది, నిజమే. అది కంపెనీ తన కోసం ఉంచుకున్నది, మీరు వాడుకోవడానికి కాదు.

పాత మిషన్ తీస్తుంటే ఇంకో సంగతి. ఫౌండేషన్ బోల్టు ఒక్కటి కోయకుండా మిగిలినా, అడుగున గ్రౌటు (నింపిన సిమెంటు) అతుక్కుని ఉన్నా క్రేన్ ఎత్తేది మిషన్‌ను కాదు, భూమిని. ముందు జాకీతో నాలుగు మూలలా కొద్దిగా కదిలించి, ఊడిందని చూశాకే హుక్కు తగిలించండి.

2. దూరం కొలవండి

దూరం అంటే క్రేన్ తిరిగే కేంద్రం నుంచి హుక్కు నిలువుగా నేలను తాకే చోటు దాకా. బంపర్ నుంచి కాదు, జాకీ (క్రేన్ పక్కలకు చాచి నేల మీద ఆనించే కాలు) నుంచి కాదు. మన ఉదాహరణలో:

- తిరిగే కేంద్రం నుంచి జాకీ కింది స్లీపర్ల బయటి అంచుకు: 4 మీటర్లు
- ఆ అంచు నుంచి బిల్డింగు గోడకు: 1.5 మీటర్లు
- గోడ నుంచి చిల్లర్ పెడెస్టల్ (దిమ్మె) మధ్యకు: 6 మీటర్లు

మొత్తం 11.5 మీటర్లు. బరువు పడగానే బూమ్ ముందుకు వంగి దూరం పెరుగుతుంది. దానికి అర మీటరు కలిపి 12 మీటర్లు అనుకోండి. బరువు ట్రెయిలర్ మీద నుంచి లేచే చోట ఉన్న దూరాన్నీ కొలవండి. రెండింటిలో ఏది ఎక్కువో లెక్క దానితోనే.

3. బూమ్ పిట్టగోడకు తగులుతుందా?

ఎక్కువ మంది లెక్క తప్పేది ఇక్కడే. క్రేన్ వచ్చాక, అద్దె మీటరు తిరుగుతుండగా తెలిసివస్తుంది.

ముందు ఎత్తు. చిల్లర్ పిట్టగోడ పైన అర మీటరు ఎడంతో దాటాలి: 15 + 1.2 + 0.5 = 16.7. చిల్లర్ ఎత్తు 2.2, బెల్టులూ స్ప్రెడర్ కలిపి 3.5, హుక్కుకూ బూమ్ కొసకూ మధ్య వదలాల్సింది 2.5. మొత్తం 24.9, అంటే బూమ్ కొస 25 మీటర్ల ఎత్తుకు వెళ్లాలి. బూమ్ మొదలు నేల నుంచి 2.5 మీటర్ల ఎత్తున, తిరిగే కేంద్రానికి ఒక మీటరు వెనక ఉందనుకుంటే 26 మీటర్ల బూమ్ చాలనిపిస్తుంది. చాలామంది ఇక్కడితో ఆపి ఫోన్ చేసేస్తారు.

ఇప్పుడు గ్రాఫ్ కాగితం మీద 1 సెంటీమీటరు ఒక మీటరు అనుకుని పక్క నుంచి బొమ్మ గీయండి. బిల్డింగు, పిట్టగోడ, క్రేన్ మొదలు, బూమ్ గీత. ఆ 26 మీటర్ల బూమ్ గీత పిట్టగోడ దగ్గరకు వచ్చేసరికి నేల నుంచి 13.75 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. పిట్టగోడ తల 16.2 దగ్గర ఉంది. అంటే బూమ్ గోడలోకి దూరాలి!

బూమ్ మందం, ఎడం కలిపి పిట్టగోడకు ఒకటిన్నర మీటరు పైనుంచి గీత వెళ్లేలా మళ్లీ గీస్తే కొస దాదాపు 33 మీటర్ల ఎత్తుకు వెళుతుంది, బూమ్ పొడవు కూడా సుమారు 33 మీటర్లు అవుతుంది. 26 కాదు, 33. చార్టులో వేరే కాలమ్, వేరే అంకె, ఒక్కోసారి వేరే క్రేన్. క్యాలిక్యులేటర్ కన్నా పెన్సిలు గీత నమ్మదగ్గది. ఆ బొమ్మనే ఆపరేటర్‌కు చూపించండి, పది నిమిషాల మాటలు మిగులుతాయి.

గోడకు దూరంగా క్రేన్ పెడితే ఈ చిక్కు తగ్గదా అంటే, దూరం పెరిగి ఎత్తే శక్తి పడిపోతుంది. జిబ్ తగిలించడం ఇంకో మార్గం. అప్పుడు జిబ్ చార్టు వేరు, అంకెలు చాలా చిన్నవి.

4. చార్టు చదవండి

- మీ దూరం రెండు వరుసల మధ్య పడితే ఎక్కువ దూరం ఉన్న వరుస తీసుకోండి. బూమ్ పొడవు రెండు కాలమ్‌ల మధ్య పడితే రెండింటిలో చిన్న అంకె.
- జాకీలు పూర్తిగా చాచినప్పటి చార్టు, సగం చాచినప్పటి చార్టు, టైర్ల మీద చార్టు వేర్వేరు. స్థలం లేక ఒక పక్క జాకీ సగమే చాచితే ఆ పక్కకు సగం చార్టే వర్తిస్తుంది.
- చాలా ట్రక్ క్రేన్లు క్యాబిన్ మీదుగా ముందువైపు ఎత్తకూడదు, లేదా అయిదో జాకీ ఉంటేనే ఎత్తాలి. బరువు ఏ వైపు నుంచి ఏ వైపుకు తిరుగుతుందో ముందే గీసుకోండి.
- హుక్కుకు ఎన్ని ఫాల్స్ (బూమ్ కొసకూ హుక్కుకూ మధ్య తాడు వరుసలు) వేశారో చూడండి. చార్టు ఎంత చూపినా, ఒక్కో ఫాల్ మోసేదానిని ఫాల్స్ సంఖ్యతో హెచ్చిస్తే వచ్చినదే గరిష్ఠం.

అంకె సరిపోకపోతే పెద్ద క్రేన్ తెప్పించండి, లేదా క్రేన్‌ను దగ్గరకు జరపండి, లేదా మిషన్‌ను విప్పి రెండు ముక్కలుగా ఎత్తండి. "వెనక ఇంకో రెండు టన్నులు కౌంటర్ వెయిట్ కట్టేద్దాం సార్" అన్న మాట వినిపిస్తే ఆ మనిషిని పనిలోంచి పంపించేయండి. రెండు క్రేన్లతో కలిపి ఎత్తడం ఈ గైడు పరిధి కాదు. దానికి లిఫ్టింగ్ ఇంజినీరు చేత ప్లాన్ గీయించండి.

5. నేల సిద్ధం చేయండి

క్రేన్ తిరగబడిన చోట బూమ్ విరిగిన కేసుల కంటే జాకీ దిగబడిన కేసులే ఎక్కువగా చూస్తాం. లెక్క చిన్నదే. 50 టన్నుల తరగతి క్రేన్ సొంత బరువు సుమారు 40 టన్నులు, మన బరువు 6, మొత్తం 46. బూమ్ ఒక జాకీ మీదుగా తిరిగినప్పుడు ఇందులో దాదాపు 75 శాతం ఆ ఒక్క జాకీ మీదే పడుతుందనుకోండి: 34.5 టన్నులు. (కంపెనీ వాళ్లు జాకీ లోడు పట్టిక ఇస్తే అదే వాడండి.) జాకీ పాదం అర మీటరు వ్యాసం. అంటే చదరపు మీటరుకు 176 టన్నుల ఒత్తిడి. ఆ ఒత్తిడి రోడ్డు కూడా తట్టుకోదు.

కాబట్టి ఒత్తిడిని పరచాలి:

- బాగా రోలింగ్ చేసిన మొరం: చదరపు మీటరుకు 15 టన్నులు పెట్టుకుంటే 34.5 ÷ 15 = 2.3 చదరపు మీటర్లు. ఒక్కో జాకీ కింద సుమారు 1.5 × 1.5 మీటర్ల పరుపు.
- బొటనవేలు ఓ మోస్తరుగా నొక్కితే గుంట పడే మట్టి: 10 టన్నులు. అప్పుడు 1.9 × 1.9 మీటర్లు.
- వాన పడిన నల్లరేగడి: 5 టన్నులు మించదు. 2.65 × 2.65 మీటర్ల పరుపు కావాలి. అంత పెద్దది వంగకుండా వేయడం అయ్యే పని కాదు. మట్టి మార్చండి.

నల్లరేగడి మోసం చేస్తుంది. మేలో గడ్డపార దిగదు, రాయిలా ఉంటుంది. ఒక్క వాన పడితే అదే నేల పెరుగులా మారుతుంది. "మొన్న ఇక్కడే క్రేన్ నిలబడింది" అన్నది జూలైలో చెల్లదు. జాకీలు వచ్చే నాలుగు చోట్లా 450 నుంచి 600 మిల్లీమీటర్లు తవ్వి, మొరం 200 మిల్లీమీటర్ల పొరలుగా వేసి, నీళ్లు చల్లి, రోలర్ తిప్పండి. పైన కంకర.

పరుపు ఎలా వేయాలి: పాత రైల్వే చెక్క స్లీపర్లు ఆరు పక్కపక్కన పేర్చితే ఒకటిన్నర మీటరు వెడల్పు వస్తుంది. వాటికి అడ్డంగా పైన ఇంకో వరుస. దాని మీద 25 మిల్లీమీటర్ల స్టీలు ప్లేటు, ప్లేటు నట్టనడుమ జాకీ పాదం. స్టీలు ప్లేటు ఒక్కటే నేల మీద వేస్తే అది గిన్నెలా వంగుతుంది, చుట్టూ అంచులు గాలిలో లేస్తాయి, బరువంతా మళ్లీ మధ్యలోనే. సిమెంటు ఇటుకలు, రాతి ముక్కలు, పాత ప్యాలెట్లు వద్దు. పుచ్చిన స్లీపరును సుత్తితో కొట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే పక్కన పడేయండి.

నేల కింద ఏముందో తెలుసుకోవాలి. బిల్డింగు ఓనరునూ వాచ్‌మన్‌నూ ఇద్దరినీ అడగండి, తరచూ వాచ్‌మన్‌కే ఎక్కువ తెలుస్తుంది. సెప్టిక్ ట్యాంకు, నీటి సంపు, డ్రైనేజీ, మ్యాన్‌హోల్, కేబుల్ ట్రెంచి, ఇవన్నీ సున్నంతో నేల మీద గీయండి. జాకీ కింద మాత్రమే కాదు, క్రేన్ నడిచి వచ్చే దారిలో కూడా. నాలుగు యాక్సిళ్ల క్రేన్‌లో ఒక్కో యాక్సిల్ మీద 10 టన్నులుంటాయి, సంపు మీది స్లాబు దానికి కట్టింది కాదు.

హైదరాబాద్ ఆస్పత్రులు, అపార్ట్‌మెంట్లలో ఇంకో ప్రమాదం సెల్లారు. సెల్లారు గోడ వెనక మట్టి చాలాచోట్ల రోలింగ్ లేకుండా జేసీబీతో తోసి నింపినదే. పైన టైల్స్ అందంగా ఉంటాయి. గుంత అంచు నుంచి జాకీ పరుపు కనీసం గుంత లోతంత దూరంలో ఉండాలి, నింపుడు మట్టి అయితే దానికి రెట్టింపు. 4 మీటర్ల సెల్లారు పక్కన నింపుడు మట్టిలో ఒకటిన్నర మీటరు దూరాన జాకీ పెట్టవచ్చా అంటే, పెట్టకూడదు. మన ఉదాహరణలోని 1.5 మీటర్ల ఎడం సెల్లారు లేని బిల్డింగుకే సరి. సెల్లారు ఉంటే దూరం పెరిగి లెక్కంతా రెండో మెట్టు నుంచి మళ్లీ మొదలవుతుంది. స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవకుండా సెల్లారు స్లాబు మీదికి క్రేన్ ఎక్కించవద్దు.

ఎలా సరిచూడాలి: క్రేన్ రాకముందు రోజు నిండు టిప్పర్‌ను ఆ చోట మీదుగా మెల్లగా రెండుసార్లు నడిపించండి. టైరు గాడి 25 మిల్లీమీటర్లు దాటినా, టైరు ముందు నేల అలలా కదిలినా మట్టి ఇంకా పచ్చిగా ఉంది.

6. కరెంటు తీగలు

కొసతోనూ తాళ్లతోనూ క్రేన్ అందుకోగల వలయం లోపల తీగ ఉంటే ఆ తీగకు లైన్ క్లియర్ (ఎల్‌సీ, అంటే సరఫరా ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకోకుండా పని మొదలుపెట్టకండి. డిస్కం సెక్షన్ ఆఫీసులో ముందే రాసివ్వండి. ఎల్‌సీ వచ్చిందని ఫోన్‌లో చెబితే చాలదు. సిబ్బంది వచ్చి సరఫరా ఆపి, ఎర్త్ చేసింది కళ్లారా చూడాలి. అమెరికా ఓషా (కార్మిక భద్రతా సంస్థ) నియమాల్లో 50 కేవీ దాకా 3 మీటర్లు, 200 కేవీ దాకా 4.6, 350 కేవీ దాకా 6.1 మీటర్లు కనీస ఎడం. మన వీధుల్లో ఉండే 11, 33 కేవీ తీగలు మొదటి కోవలోకే వస్తాయి. ఆ 3 మీటర్లు బూమ్ ఊగులాట, తాడు ఊగులాట పోను మిగలాల్సినవి, పైకి చూసి ఊహించేవి కావు.

తీగ తగిలితే ఆపరేటర్ క్యాబిన్‌లోనే ఉండాలి, కింది వాళ్లెవరూ క్రేన్‌ను ముట్టకూడదు. మంటలు వచ్చి దిగక తప్పకపోతే రెండు కాళ్లూ కలిపి దూకాలి, క్రేన్‌నూ నేలనూ ఒకేసారి తాకకుండా, తర్వాత కాళ్లు ఎడం చేయకుండా దూరంగా జరగాలి.

7. బెల్టులు, వైర్ రోపులు, షాకిళ్లు

కోణం పడితే బెల్టు మీద బరువు పెరుగుతుంది. మన చిల్లర్‌కు స్కిడ్, అదనం కలిపి 4,840 కిలోలు. నాలుగు కాళ్లు కట్టినా బరువు సమానంగా పంచుకోవు కాబట్టి రెండు కాళ్లే మోస్తాయని లెక్క:

- నేలతో 60 డిగ్రీలు: ఒక్కో కాలి మీద 2.8 టన్నులు
- 45 డిగ్రీలు: 3.4 టన్నులు
- 30 డిగ్రీలు: 4.84 టన్నులు, అంటే మొత్తం బరువు ఒక్కో బెల్టు మీద!

కోణమాపకం అక్కర్లేదు. ఎత్తే రెండు పాయింట్ల మధ్య దూరం ఎంతో బెల్టు పొడవు అంత ఉంటే 60 డిగ్రీలు. అంతకన్నా పొట్టి బెల్టు వాడొద్దు. 5 టన్నుల బెల్టు (ఎరుపు) తీసుకోండి. యూరప్ పద్ధతిలో రంగులు: 1 టన్ను ఊదా, 2 ఆకుపచ్చ, 3 పసుపు, 4 బూడిద, 5 ఎరుపు, 6 గోధుమ, 8 నీలం. రంగు వెలిసి, లేబుల్ చిరిగిన బెల్టు ఎంత గట్టిగా కనిపించినా వాడకండి. ఉచ్చులా బిగిసేలా చోకర్‌గా కడితే శక్తి 80 శాతానికి తగ్గుతుంది. పదునైన అంచు దగ్గర పాత టైరు ముక్కో, నిలువుగా కోసిన పైపు ముక్కో పెట్టండి, గోనెసంచి సరిపోదు.

వైర్ రోపులో ఒక మెలిక పొడవులో (పురి ఒక చుట్టు పూర్తయ్యేంత) అక్కడక్కడా పది తీగలు తెగినా, ఒకే పురిలో అయిదు తెగినా తీసేయండి. చేతికి గ్లవుజు వేసుకుని, గుడ్డ ముక్క పట్టుకుని తాడు పొడవునా జరపండి. తెగిన తీగ గుడ్డను పట్టేస్తుంది.

షాకిల్ పిన్ను పోయిందని మామూలు బోల్టు వేయడం మన సైట్లలో చాలా మామూలు. అది కోసుకుపోతుంది. మోటారు మీది ఐ-బోల్టు మోటారును ఎత్తడానికే. దానికి తగిలించి మొత్తం పంపు సెట్టును స్కిడ్‌తో సహా ఎత్తకండి. ఐ-బోల్టును వాలుగా లాగితే 45 డిగ్రీల దగ్గర అది మోసేది నిలువు బరువులో మూడో వంతు కూడా ఉండదు.

8. ఎవరు ఏం చేయాలి

సైగలిచ్చేది ఒక్కడే. అతను ఎవరో ఆపరేటర్‌కు ముఖం చూపించి చెప్పండి. "ఆపు" అనే హక్కు మాత్రం అందరికీ ఉంటుంది. టెర్రస్ మీద దించేటప్పుడు ఆపరేటర్‌కు బరువు కనపడదు కాబట్టి పైన ఒకడు చూసి చెప్పాలి, కింద ఉన్నవాడే సైగ ఇవ్వాలి, వాకీటాకీ ఛానెల్ ఒక్కటి. వాకీటాకీలో మాట ఆగితే బరువూ ఆగాలి, ఇది ముందే ఒప్పందం. ఆపరేటర్ హిందీ, ఖలాసీ (బరువు కట్టే పనివాడు) తెలుగు, ఇంజినీరు ఇంగ్లీషు మాట్లాడే సైటే ఎక్కువ. పాత ఖలాసీలు పైకి అనడానికి "హబేస్", కిందికి అనడానికి "ఆరియా" అంటారు. ఏ మాట వాడినా సరే, ఆరు మాటలు ఎంచుకుని పొద్దున్నే ఒకసారి అందరి చేతా పలికించండి.

బరువు తిరిగే దారి కింద, క్రేన్ వెనక కౌంటర్ వెయిట్ తిరిగే చోట బ్యారికేడ్ కట్టండి. కౌంటర్ వెయిట్‌కూ గోడకూ మధ్య 600 మిల్లీమీటర్లు లేకపోతే మనిషి నలిగిపోతాడు. ఆస్పత్రి అయితే ఆ వైపు టాప్ ఫ్లోర్ వార్డు ఆ గంటసేపు ఖాళీ చేయించాలి. రోడ్డు మూయాలంటే ట్రాఫిక్ పోలీసుల అనుమతి ముందే.

హుక్కుకు మనుషుల్ని ఎక్కించవద్దు, ఒక్క నిమిషమైనా. 2022 జూలైలో పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పనుల్లో కొల్లాపూర్ దగ్గర క్రేన్ తాడు తెగి అయిదుగురు కార్మికులు చనిపోయారు.

9. గాలి

పరిమితి మీ చార్టులోనే ఉంటుంది. చాలా క్రేన్లకు సెకనుకు 10 మీటర్ల దగ్గర ఉంటుంది. గాలి ఒకటిన్నర రెట్లయితే దాని తోపు రెండుంపావు రెట్లు. బరువు తక్కువై వెడల్పు ఎక్కువైన రేకులు, ప్యానెళ్లు, ఖాళీ ట్యాంకులయితే పరిమితికి చాలా ముందే ఆపాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక ఈదురుగాలులు చెప్పకుండా వస్తాయి. విశాఖలో పగలు సముద్రపు గాలి పెరుగుతుంది. పొద్దున ఆరు నుంచి పది లోపు ఎత్తడం అన్ని విధాలా మేలు. గాలి మీటరు నేల మీద చూస్తే లాభం లేదు, టెర్రస్ ఎక్కి చూడండి.

10. క్రేన్ నిలబెట్టడం

జాకీలు పూర్తిగా చాచి, పిన్నులు వేసి, టైర్లన్నీ నేల నుంచి లేచేదాకా ఎత్తించండి. స్పిరిట్ లెవెల్ క్యాబిన్‌లోనిదే కాదు, మీది కూడా తిరిగే బల్ల మీద రెండు దిక్కులా పెట్టి చూడండి. ఒక్క డిగ్రీ వాలినా 33 మీటర్ల బూమ్ కొస అర మీటరు పక్కకు పోతుంది, బూమ్ పక్కకు వంగే బరువు మోయడానికి కట్టింది కాదు.

ఎస్‌ఎల్‌ఐలో (సేఫ్ లోడ్ ఇండికేటర్, ఎత్తుతున్న బరువు చూపే మీటరు) బూమ్, ఫాల్స్, జాకీల కోడు సరిగ్గా కొట్టారా చూడండి. తప్పు కోడు కొడితే అది ధైర్యంగా అబద్ధం చెబుతుంది. దాన్ని పనిచేయకుండా ఆపే బైపాస్ తాళంచెవి ఆపరేటర్ దగ్గర కాదు, మీ దగ్గర ఉండాలి. హుక్కు పైకి వెళ్లి బూమ్ కొసను గుద్దకుండా ఆపే లిమిట్ స్విచ్చి పనిచేస్తోందా? ఖాళీ హుక్కుతో, దాని చిన్న బరువును చేత్తో ఎత్తి పట్టుకుని చూడండి, వించి (తాడు చుట్టే యంత్రం) ఆగాలి.

11. ముందు వంద మిల్లీమీటర్లే

బరువును 100 నుంచి 150 మిల్లీమీటర్లు ఎత్తి అయిదు నిమిషాలు ఆపండి. ఆ అయిదు నిమిషాల్లో ఇవన్నీ చూడాలి:

- ఎస్‌ఎల్‌ఐ చూపే బరువు మీ లెక్కకు దగ్గరగా ఉందా? ఎక్కువ చూపితే దించి, ఎందుకో తేల్చండి. "మీటరు ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది" అన్నది కారణం కాదు.
- బరువు మట్టంగా వేలాడుతోందా? వాలితే దించి బెల్టు పాయింటు మార్చండి. మనిషిని ఎక్కించి మట్టం చేయవద్దు.
- ఎత్తకముందు జాకీ కాళ్ల మీద సుద్దతో గీత పెట్టి నేల నుంచి కొలిచి ఉంచండి. ఇప్పుడు మళ్లీ కొలవండి. దిగబాటు కనిపించి ఆగకుండా పెరుగుతుంటే దించేయండి.
- ఎదురు వైపు జాకీ పాదం వదులైందా? ప్లేటును కాలితో తడితే కదిలితే క్రేన్ తిరగబడడానికి దగ్గరలో ఉన్నట్టే.
- వించి బ్రేకు జారుతోందా? బరువు కింద టేపుతో మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కొలవండి.

ఇందులో ఒక్కటి తప్పినా మెల్లగా దించండి. బూమ్ వాల్చి దించకండి, వాల్చితే దూరం పెరిగి ఇంకా ప్రమాదం. వించితోనే దించాలి.

12. ఎత్తడం, దించడం

రెండు మూలలకు తాళ్లు కట్టి, ఇద్దరు దూరంగా నిలబడి పట్టుకోవాలి. తాడును చేతికి చుట్టుకోకూడదు. ముందు నిలువుగా పూర్తి ఎత్తుకు, ఆ తర్వాతే తిప్పడం. ఒకేసారి రెండు పనులు చేయించకండి. పిట్టగోడ దాటేటప్పుడు పైవాడు చేత్తో బరువును తోయకూడదు, తాడే వాడాలి. గోడకూ బరువుకూ మధ్య చేయి పెట్టే చోటు లేదు.

పెడెస్టల్ మీదే నేరుగా దించండి. తాత్కాలికంగా స్లాబు మీద పెట్టి తర్వాత రోలర్లతో జరుపుదామంటే ఆ స్లాబు అంత బరువు ఒకచోట మోస్తుందని స్ట్రక్చరల్ ఇంజినీరు రాసివ్వాలి. బోల్టు రంధ్రాలు కుదిరాక బెల్టులు సగం వదులు చేసి ఆపండి, కదలదని చూడండి, అప్పుడే పూర్తిగా వదలండి. బెల్టును బరువు కింద నుంచి క్రేన్‌తో లాగించకండి. అది చిక్కుకుంటే మిషన్ మళ్లీ లేస్తుంది, లేదా బెల్టు తెగి కొరడాలా కొడుతుంది.

హైడ్రా అయితే

చిన్న షెడ్లలో అందరూ పిలిచేది హైడ్రానే, మనుషులు నలిగేదీ దాని దగ్గరే ఎక్కువ. బరువుతో నడిచే క్రేన్ కాబట్టి బరువు నేలకు 300 మిల్లీమీటర్లకు మించి లేవకూడదు, బూమ్ వీలైనంత పొట్టిగా ఉండాలి, మనిషి నడిచే వేగం దాటకూడదు. మధ్యలో కీలు దగ్గర వంగి తిరిగే బాడీ అయితే పక్కకు తిరిగినకొద్దీ చార్టు అంకె తగ్గుతుంది. పూర్తిగా తిరిగి ఎత్తితే పక్కకే పడిపోతుంది. వాలు నేల మీద అడ్డంగా నడిపించవద్దు.

ఇక్కడ చనిపోయేది సాధారణంగా హెల్పరే. బరువు ఊగకుండా చేత్తో పట్టుకుని, బరువుకూ హైడ్రా ముందు టైరుకూ మధ్య నడుస్తాడు. ఆపరేటర్‌కు బూమ్ అడ్డం, అతను కనపడడు. కాలు జారితే టైరు కింద పడతాడు. రెండు పక్కలా పొడవాటి తాళ్లు కట్టి, టైరు వరుసకు బయట, ఆపరేటర్ కంటికి కనపడేలా నడిపించండి. నడిచే దారి మొత్తం ముందే కాలినడకన తిరిగి, గుంతలు పూడ్చి, పైనున్న కేబుళ్ల ఎత్తు కొలిచి ఉంచండి.

పని అయ్యాక బూమ్ పూర్తిగా లోపలికి ముడిచి, హుక్కు కట్టేసిన తర్వాతే జాకీలు ఎత్తాలి. స్లీపర్లు తీసిన చోట నేల ఎంత దిగిందో కొలిచి, ఫోటో తీసి ప్లాన్ కాగితం వెనక రాసిపెట్టండి. చిల్లర్‌కు కంప్రెసర్ మార్చాల్సి వచ్చినప్పుడు క్రేన్ మళ్లీ అక్కడికే వస్తుంది.